స్లాబ్ పోసే ముందు ప్లంబింగ్, కరెంటు, ఏసీ, ఫైర్ వాళ్లందరినీ ఒక్క తాటి మీదకు ఎలా తెస్తున్నారు?

అనంతపురం సైట్ · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా బెంగళూరులో ఒక సివిల్ కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీర్‌గా చేస్తున్నాను. ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు రెండు బేస్‌మెంట్లు, పైన ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగ్ నడుస్తోంది. ఫస్ట్ ఫ్లోర్ స్లాబ్ పోయిన నెల పోశాం. సుమారు 900 చదరపు మీటర్లు, బీములతో కలిపి 210 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, అంటే ఆరేసి క్యూబిక్ మీటర్ల బండ్లు 35. పగలు బండ్లు తిరగనివ్వరు కాబట్టి రాత్రి పదికి మొదలుపెడితే తెల్లారి తొమ్మిదయింది.

సెంట్రింగ్ విప్పాక అసలు సంగతి బయటపడింది. ఏసీ చల్లనీళ్ల పైపులకు పెట్టాల్సిన స్లీవ్‌లు (పైపు దిగడానికి స్లాబ్‌లో ముందే పెట్టే గొట్టాలు) రెండు అసలు లేవు. టాయిలెట్ దగ్గర ఒక స్లీవ్ 140 మిల్లీమీటర్లు పక్కకు పడింది, పైపు దించితే నేరుగా బీము మీదికి వస్తోంది. మెట్ల దగ్గర రెండు కండ్యూట్లలో (వైర్లు పోయే పైపుల్లో) కాంక్రీటు పాలు గడ్డకట్టాయి, వైరు వెళ్లదు. గట్టిపడిన కాంక్రీటులో గుండ్రంగా రంధ్రం కొట్టే కోర్ కటింగ్ వాళ్లను పిలిచాం. మూడు రంధ్రాలు కొట్టాక నాలుగోది కాలమ్ పక్కనే అని స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఆపేశారు. మూడింటిలో ఒకదాంట్లో 12 ఎంఎం రాడ్లు రెండు తెగి బయటికొచ్చాయి. ఆ ముక్క ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది, చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టవుతోంది.

రెండో స్లాబ్ వచ్చే వారం గురువారం, ఇంకా పదకొండు రోజులుంది. పోర్ కార్డ్ (పోసే ముందు అన్ని ట్రేడ్లూ సరేననే కాగితం) మీద అందరూ సంతకాలు పెట్టారు, అయినా ఇలా జరిగింది. మీ సైట్లలో నిజంగా పని చేస్తున్న పద్ధతి ఏమిటో చెప్పండి. పుస్తకాల్లో రాసింది నేనూ చదివాను.

హెబ్బాళ ఎంఈపీ · ఆదివారం, రాత్రి 10:25

సంతకం ఎప్పుడు పెట్టించారు? స్టీలు మొత్తం కట్టేసి, పంపు వచ్చి నిలబడ్డాక సాయంత్రం ఆరింటికి కార్డ్ తిప్పితే ఎవరైనా పెడతారు. పెట్టను అంటే స్లాబ్ ఆపిన పాపం తనకే చుట్టుకుంటుందని భయం. నేనూ అలా పెట్టినదాన్నే, అందుకే అడుగుతున్నా.

ఇంకో ప్రశ్న. ప్లంబింగ్ వాళ్లు ఏ డ్రాయింగ్ చూసి స్లీవ్ పెట్టారు, ఏసీ వాళ్ల దగ్గర ఏ రివిజన్ ఉంది? ముందు అది చూసి చెప్పండి.

అనంతపురం సైట్ · సోమవారం, ఉదయం 7:15

మేడమ్, ఇప్పుడే సైట్‌కొచ్చి చూశాను. ప్లంబింగ్ ఫోర్‌మన్ జేబులో ఉన్నది ఆర్కిటెక్ట్ రెండో రివిజన్. టాయిలెట్ గోడ నాలుగో రివిజన్‌లో జరిగింది, ఎంతో తెలుసా, సరిగ్గా 140. ఏసీ వాళ్ల షాఫ్ట్ (పైపులు పైనుంచి కిందికి దిగే చోటు) డ్రాయింగ్ మా ఆఫీసు మెయిల్‌కు వచ్చింది కానీ సైట్‌కు ప్రింట్ రాలేదు. అందరూ ఎవరి కాగితం ప్రకారం వాళ్లు సరిగ్గానే చేశారు.

హెబ్బాళ ఎంఈపీ · సోమవారం, ఉదయం 8:05

అనుకున్నా. అయితే స్లాబ్ మీద ఎంత పరిగెత్తినా లాభం లేదు, అన్నీ ఒకే కాగితం మీదకు రావాలి. స్ట్రక్చరల్ డ్రాయింగ్‌ను అడుగున పెట్టి దాని మీద డక్టులు, పైపులు, స్ప్రింక్లర్లు, కేబుల్ ట్రేలు అన్నీ వేసి, అందులోంచి స్లాబ్‌కు కావాల్సిన రంధ్రాలు, స్లీవ్‌లు మాత్రమే చూపించే ఇంకో షీట్ తీయండి. సైట్‌కు పోవాల్సింది ఆ ఒక్క షీటే. ప్రతి స్లీవ్‌కు నంబరు, రెండు గ్రిడ్ లైన్ల (కాలమ్‌ల వరుస గీతల) నుంచి కొలత, స్లీవ్ సైజు ఉండాలి. గోడ నుంచి కొలత వద్దు, స్లాబ్ పోసే రోజుకు గోడే ఉండదు కదా. పాత ప్రింట్లన్నీ వెనక్కి తీసుకుని చించేయండి, ఇది చాలా ముఖ్యం.

ఎత్తు లెక్క కూడా ఇప్పుడే చూసుకోవాలి. మా పాత సైట్ ఒకటి చెప్తా. ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కు 3900 మిల్లీమీటర్లు, బీము 600, అంటే బీము కింద 3300. ఫ్లోరింగ్‌కు 75 పోతే 3225. సీలింగ్ 2700 కావాలని క్లయింట్ పట్టు, మిగిలింది 525. డక్టు 400, పైనా కిందా ఇన్సులేషన్ 25 చొప్పున, 450 అయిపోయింది. సపోర్టుకు 50 వేస్తే 500. మిగిలిన 25 మిల్లీమీటర్లలో సీలింగ్ ఫ్రేమా, లైటా, స్ప్రింక్లర్ పైపా? ఈ లెక్క స్లాబ్‌కు నెల ముందు వేసి ఉంటే బీముల్లో స్లీవ్‌లు అడిగేవాళ్లం. మేము వేసింది స్లాబ్ పోశాక. చివరికి కారిడార్ మొత్తం సీలింగ్ దించాల్సి వచ్చింది.

కడప కండ్యూట్ · సోమవారం, మధ్యాహ్నం 1:30

ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ని, చిన్న టీమ్, మారతహళ్లిలో ఉంటాం. డ్రాయింగ్ సంగతి మేడమ్ చెప్పారు, నేను పని సంగతి చెప్తా.

మాకు కావాల్సింది అడుగు జాలీకి పై జాలీకి మధ్య టైమ్. అడుగు రాడ్లు కట్టి, కవర్ బ్లాకులు పెట్టాక మమ్మల్ని పిలవాలి. మేం కండ్యూట్ లాగి, బాక్సులు బిగించి పక్కకు వచ్చాక పై రాడ్లు వేయాలి. కానీ బార్ బెండింగ్ వాళ్లకు టన్నుల లెక్కన కూలి, వాళ్లెందుకు ఆగుతారు? మేం పొద్దున తొమ్మిదికి వచ్చేసరికి పై జాలీ సగం అయిపోయి ఉంటుంది. అప్పుడు రాడ్ల సందుల్లోంచి పైపు దూర్చాలి, వంపు దగ్గర నలుగుతుంది, జాయింట్‌కు సొల్యూషన్ పూయడానికి చెయ్యి పట్టదు. మీ మెట్ల దగ్గర కాంక్రీటు పాలు దూరింది అలాంటి జాయింట్‌లోంచే అయ్యుంటుంది అన్నా.

మా దగ్గర ఇప్పుడు 900 చదరపు మీటర్ల స్లాబ్‌కు రెండు పూర్తి రోజులు ఎలక్ట్రికల్‌కే అని షెడ్యూల్‌లో రాయించుకుంటున్నాం. స్లాబ్‌ను రెండు ముక్కలు చేసి, ఒక సగంలో వాళ్లు అడుగు స్టీలు కడుతుంటే ఇంకో సగంలో మేం పైపులు వేస్తాం. బార్ బెండింగ్ మేస్త్రీకి కూడా కూర్చునే బాధ లేదు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, ఈ పైపు స్లాబ్‌లోకి పోవాల్సిందేనా అని. ఆఫీసు ఫ్లోర్లలో సీలింగ్ ఉంటుంది, ట్రే మీద పోతుంది, స్లాబ్‌లో పూడ్చడం దేనికి? బేస్‌మెంట్ లైట్లు, మెట్లు, సీలింగ్ రాని చోట్లు, అంతవరకే చాలు. మా దగ్గర దాంతో స్లాబ్‌లో వేసే పైపు సగానికి తగ్గింది.

లెక్కల మాస్టారు · సోమవారం, రాత్రి 9:10

స్ట్రక్చరల్ డిజైన్‌లో ఉన్నాను. కడప గారి చివరి మాట బంగారం. 150 మిల్లీమీటర్ల స్లాబ్‌లో 25 కండ్యూట్లు రెండు ఒకదాని మీద ఒకటి దాటితే 50, అంటే స్లాబ్ మందంలో మూడో వంతు ఖాళీ. అమెరికా కాంక్రీటు కోడ్ చాలాకాలం చెప్పింది అదే, పైపు బయటి వ్యాసం స్లాబ్ మందంలో మూడో వంతు దాటకూడదు, పైపుకూ పైపుకూ మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి వ్యాసానికి మూడు రెట్లు దూరం ఉండాలి. 25 పైపుకు 75 అన్నమాట. డీబీ (కరెంటు డిస్ట్రిబ్యూషన్ బోర్డు) దగ్గర ఏం జరుగుతుందో అందరూ చూసే ఉంటారు, ఇరవై పైపులు జడ అల్లినట్టు పక్కపక్కనే పోతాయి. అక్కడ కాంక్రీటు పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో ప్లాస్టిక్. ఆ గీత వెంటే క్రాక్ వస్తుంది. విసనకర్రలా విప్పి పంపించండి, లేదా డీబీ దగ్గర పైపులు పైకి తీసి ట్రే మీద వేయండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. కండ్యూట్ అడుగు రాడ్ల కింద, రాడ్లను కాపాడే కాంక్రీటు పొరలో, అంటే కవర్‌లో, పడుకోకూడదు. అడుగు జాలీ పైన, పై జాలీ కింద, స్లాబ్ నడి మందంలో ఉండాలి. కవర్‌లో పైపు పెడితే రాడ్‌కు ఆ చోట రక్షణ పోయినట్టే.

ఇక బీముల్లో స్లీవ్. సపోర్టు దగ్గర షియర్ (బీమును కోసేలా పనిచేసే బలం) ఎక్కువ కాబట్టి కాలమ్ ముఖం పక్కన అడగకండి. స్పాన్ మధ్యలో, బీము లోతులో నడిమి భాగంలో అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటాం, చుట్టూ అదనపు రాడ్లు ఇస్తాం. స్లాబ్ ఓపెనింగ్‌లకూ అంతే, తెగిన రాడ్లకు సరిపడా రాడ్లు అంచుల్లో వేయాలి. ఇవన్నీ డ్రాయింగ్ దశలో అడిగితే నాకు అరగంట పని. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి "సార్, చిన్న హోల్" అంటే నేను వద్దనే అంటాను. నా మాట మీద ఆ బిల్డింగ్‌లో మనుషులు యాభై ఏళ్లు కూర్చుంటారు.

పైపు మట్టం · మంగళవారం, ఉదయం 6:50

ప్లంబింగ్ తరఫున నా రెండు ముక్కలు. స్లీవ్ సైజు పైపు సైజు చూసి చెప్పేస్తారు, తప్పు అక్కడే. 110 ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగునీటి) పైపుకు సాకెట్ ఇంకా లావు, 150 స్లీవ్ ఉంటేనే చుట్టూ గ్రౌట్ వెళ్తుంది. చల్లనీళ్ల పైపు అయితే మరీ దారుణం. 150 ఎంఎం ఎంఎస్ (ఉక్కు) పైపు బయటి వ్యాసం 168. ఇన్సులేషన్ 50 చొప్పున రెండు పక్కలా వేస్తే 268. దానికి 300 స్లీవ్ కావాలి. ఒక సైట్‌లో 200 పెట్టేశారు. ఏసీ వాళ్లేం చేస్తారు పాపం, స్లీవ్‌లో ఇన్సులేషన్ కోసేసి వట్టి పైపు దింపారు. చిల్లర్ ఆన్ చేసిన మొదటి వేసవిలోనే ఆ చోట పైపుకు చెమట పట్టి కింది సీలింగ్ మీద చుక్క చుక్క కారింది. అందరూ పైపు లీకు అనుకుని వారం రోజులు వెతికారు.

కమోడ్ స్లీవ్ కొలత పూర్తయిన గోడ నుంచి ఇస్తారు, అంటే టైల్ ముఖం నుంచి. మేస్త్రీ ఇటుక గోడ లైను నుంచి కొలుస్తాడు. ప్లాస్టరింగ్ 15, టైల్, గమ్ కలిపి ఇంకో 12, 15. అంటే 30 మిల్లీమీటర్ల తేడా. కమోడ్ కూర్చోదు. కమోడ్ మోడల్ ఫైనల్ కాకుండా ఆ స్లీవ్ పెట్టొద్దు, క్లయింట్‌ను వెంటపడి అడగండి.

తడి చోట్ల స్లీవ్ స్లాబ్ పైకి 50 అయినా లేవాలి, లేకపోతే కడిగిన నీళ్లన్నీ కిందికే.

హెబ్బాళ ఎంఈపీ · మంగళవారం, ఉదయం 9:30

చెమట సంగతి నూటికి నూరుపాళ్లు నిజం, మాకూ జరిగింది.

నేనైతే ప్రతి షాఫ్ట్ దగ్గర అదనంగా రెండు మూడు స్లీవ్‌లు పెట్టించేస్తా. టెనెంట్ వచ్చాక ప్యాంట్రీ కావాలంటాడు, సర్వర్ రూమ్‌కు ఏసీ కావాలంటాడు. అప్పుడు కోర్ కొట్టడం కన్నా ఇప్పుడే ఖాళీ స్లీవ్ పెట్టడం మేలు కదా.

లెక్కల మాస్టారు · మంగళవారం, రాత్రి 8:45

మేడమ్, అభ్యంతరం ఉంది. షాఫ్ట్ అంటే చాలా చోట్ల కాలమ్ పక్కనే. బీములు లేని ఫ్లాట్ స్లాబ్ అయితే కాలమ్ చుట్టూ ఉన్న ఆ కాస్త స్లాబే పంచింగ్ షియర్‌ను, అంటే కాలమ్ స్లాబ్‌ను పొడుచుకుని వచ్చే బలాన్ని, మోసేది. అక్కడ ఖాళీ స్లీవ్‌లు మూడు పెడితే, వాటిని ఎప్పటికీ వాడకపోయినా, ఆ స్లాబ్ బలం తగ్గిపోయినట్టే. అదనంగా కావాలంటే నాకు సంఖ్య, సైజు ముందు చెప్పండి, ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తా.

హెబ్బాళ ఎంఈపీ · మంగళవారం, రాత్రి 9:05

ఒప్పుకుంటున్నా సార్. మాది బీము స్లాబ్ కాబట్టి నేను అంత ఆలోచించలేదు. ఇక నుంచి ఖాళీ స్లీవ్‌లు కూడా నంబరు వేసి మీలాంటి వాళ్ల ఆమోదానికే పంపిస్తా.

అడయార్ పీటీ · మంగళవారం, రాత్రి 11:20

చెన్నై నుంచి. మాది నెల్లూరు, ఇక్కడ పోస్ట్ టెన్షన్ (పీటీ) స్లాబుల్లో, అంటే లోపల ఉక్కు తీగలు (టెండన్లు) లాగి బిగించే స్లాబుల్లో ఉన్నాను. అనంతపురం తమ్ముడూ, మీది మామూలు స్లాబ్ కాబట్టి రాడ్లు తెగడంతో పోయింది. పీటీ స్లాబ్‌లో కోర్ కట్టర్ టెండన్‌కు తగిలిందంటే స్లాబ్‌కే కాదు, పక్కనున్న మనిషికి ప్రమాదం. అందుకే మేం టెండన్ దారి మొత్తం సెంట్రింగ్ ప్లై మీద రంగుతో గీస్తాం. విప్పాక ఆ గీత స్లాబ్ అడుగున కనిపిస్తుంది, తర్వాత హ్యాంగర్‌కు డ్రిల్ చేసేవాడికి అదే హద్దు. ఓపెనింగ్ మారిస్తే టెండన్ దారే మారాలి, కాబట్టి మా దగ్గర పది రోజుల ముందు స్లీవ్ షీట్‌కు తాళం పడిపోతుంది. ఆ తర్వాత వచ్చిన మార్పు కోసం స్లాబ్ ఆగాలి, లేదా ఆ మార్పు పక్కకు పోవాలి.

సముద్రం గాలి తగిలే చోట కవర్ గురించి మాస్టారు చెప్పింది ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో మైల్డ్ వాతావరణానికి 20 కవర్ అయితే కోస్తా వాతావరణం సివియర్ కింద వస్తుంది, 45. ఇక్కడ కండ్యూట్‌కు మిగిలే చోటే తక్కువ.

మొదటి ఉద్యోగం · బుధవారం, ఉదయం 8:20

నేను కొత్త. సర్జాపూర్ రోడ్‌లో జాయిన్ అయి మూడు నెలలు. నా డౌట్ ఏంటంటే, అంతా చెక్ చేసి పోసేటప్పుడు కూడా స్లీవ్‌లు ఎందుకు కదులుతాయి? రాత్రంతా ఎవరు నిలబడి చూడాలి?

కడప కండ్యూట్ · బుధవారం, మధ్యాహ్నం 2:10

మంచి ప్రశ్న తమ్ముడూ. పంపు పైపులైను స్లాబ్ మీద నేరుగా ఆనించి వేస్తారు, ఒక్కో స్ట్రోక్‌కు అది ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది, కింద మన పైపుంటే నలిగిపోతుంది. స్టాండ్లు పెట్టించాలి. రెండోది వైబ్రేటర్, నీడిల్ బాక్సుకు తగిలిందంటే లేచిపోతుంది. మూడోది మనుషులు, రాత్రి మూడింటికి నిద్రమత్తులో పార పట్టుకున్నవాడు స్లీవ్ మీద కాలు పెడతాడు.

మేం స్లీవ్ లోపల చెక్క బిళ్ల పెట్టి ప్లైకి మేకులు కొడతాం, పైన థర్మాకోల్ కూరి టేపు చుడతాం, పక్క రాడ్‌కు నాలుగు వైపులా బైండింగ్ వైరు. పైకి లేచిన కండ్యూట్ మూతులకు ఎండ్ క్యాప్ పెట్టి దాని మీద ఎర్ర టేపు, రాత్రి లైట్ల కింద ఎర్రదే కనిపిస్తుంది. పోసే రాత్రి మా ఎలక్ట్రీషియన్ ఒకడు, ప్లంబర్ ఒకడు తప్పకుండా స్లాబ్ మీదే ఉంటారు, వాళ్ల దగ్గర అదనపు పైపు ముక్కలు, కప్లర్లు, సొల్యూషన్ ఉంటాయి. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు సరిచేస్తే ఐదు నిమిషాలు, గట్టిపడితే మూడు రోజులు.

అనంతపురం సైట్ · బుధవారం (తర్వాతి వారం), రాత్రి 10:50

అందరూ చెప్పింది పట్టుకుని ఏం చేశానో చెప్తా. శనివారం అన్ని ట్రేడ్ల ఫోర్‌మన్లను ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఒకే స్లీవ్ షీట్ తయారు చేశాం, 64 స్లీవ్‌లు, 5 ఓపెనింగ్‌లు. అందులో 7 బీము మీద పడ్డాయి, కన్సల్టెంట్‌కు పంపితే నాలుగింటికి ఒప్పుకుని మూడు జరపమన్నారు. సోమవారం ప్లై మీద స్టీలు వేయకముందే గ్రిడ్ దారాలు లాగి ప్రతి స్లీవ్ చోటునూ ఎర్ర పెయింట్‌తో గుండ్రంగా గీసి నంబరు రాశాం. ఫోర్‌మన్లు ఎవరి గుండ్రాలు వాళ్లు చూసుకున్నారు. ఫైర్ వాళ్ల ఫోర్‌మన్ బెంగాలీ, హిందీ కూడా అంతంత మాత్రం. కానీ ప్లై మీద నంబరు చూడగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. అతని మెయిన్ పైపు దిగేది పక్క గదిలోకట, 31వ నంబరు తప్పు. కాగితం మీద పది మంది చూసినా అది దొరకలేదు.

ఈ సాయంత్రం అడుగు స్టీలు పూర్తి, ఎలక్ట్రికల్ 70 శాతం. రేపు పోయడం కుదరదని మా ప్రాజెక్ట్ మేనేజర్‌కు చెప్పాను. చాలా కోప్పడ్డారు. నేను ఆ కోర్ ముక్క తీసుకెళ్లి ఆయన టేబుల్ మీద పెట్టాను. కాసేపు చూసి ఆర్ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీటు) వాళ్లకు ఫోన్ చేసి శనివారానికి మార్చారు.

లెక్కల మాస్టారు · బుధవారం, రాత్రి 11:15

చాలా సంతోషం. పై స్టీలు పడకముందే ప్రతి బే (కాలమ్‌ల మధ్య గడి) ఫొటో తీయండి, టేపు పెట్టి, గ్రిడ్ నంబరు కనిపించేలా. పదేళ్ల తర్వాత డ్రిల్ చేసేవాడికి అదొక్కటే ఆధారం.

అనంతపురం సైట్ · సోమవారం, ఉదయం 11:30

శనివారం రాత్రి 10:15కు మొదలై ఆదివారం ఉదయం 8:40కి అయిపోయింది. ఈ ఉదయం 64 స్లీవ్‌లూ షీట్ పట్టుకుని మళ్లీ కొలిచాం. 61 పది మిల్లీమీటర్ల లోపే ఉన్నాయి. రెండు 20 వరకు జరిగాయి, పైపుకు ఇబ్బంది లేదు. ఒకటి, 47వ నంబరు, కాస్త వాలింది. రాత్రి రెండింటికి దాని మీద కాలు పడటం ప్లంబర్ చూసి నిలబెట్టాడు, కానీ పూర్తిగా నిటారు కాలేదు, గ్రౌట్‌లో సర్దుకుంటుందంటున్నాడు.

కండ్యూట్లు ఇంకా చూడలేదు. పైపులోకి తోసి చూసే ఫిష్ టేప్ మా దగ్గరున్నది 15 మీటర్లే, బేస్‌మెంట్ ర్యాంప్ వైపు లైను 22 మీటర్లు. కడప అన్నా, మీ దగ్గర 30 మీటర్లది ఉంటే ఒక్క రోజు ఇస్తారా?

కడప కండ్యూట్ · సోమవారం, మధ్యాహ్నం 12:05

ఉంది. సాయంత్రం ఐదున్నరకు మా కుర్రాడిని పంపిస్తా, లొకేషన్ మెసేజ్ చేయండి. ర్యాంప్ వైపు పంపు లైను పోయి ఉంటే ముందు ఆ పైపే చూడండి.